పాత గ్రాఫిక్స్ కార్డులకు లినక్స్‌లో లెగసీ డ్రైవర్లు: గుర్తింపు, ఎంపిక, అమరిక

నిమ్‌పురా (ఖరగ్‌పూర్): బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడినప్పుడు దాని ముందున్న తొలి బాధ్యతల్లో ఒకటి నాగ్‌పూర్-ఛత్తీస్‌గఢ్ మార్గాన్ని మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కు మార్చడం. పట్టాల నడుమ దూరం 1,000 మిల్లీమీటర్ల నుంచి 1,676 మిల్లీమీటర్లకు పెరిగింది. పాత ఇంజిన్లకు, పాత పెట్టెలకు ఏ లోపమూ లేదు. అవి నడిచే దారి మాత్రమే మారింది. ఆ రైల్వేయే ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా, వర్క్‌షాపు పట్టణంగా తీర్చిదిద్దింది. ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కార్మిక కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. సరకు రవాణా యార్డును ఆనుకుని ఉన్న నిమ్‌పురా అటువంటి ప్రాంతాల్లో ఒకటి.

పాత కంప్యూటర్లలోని గ్రాఫిక్స్ కార్డుల పరిస్థితి కూడా సరిగ్గా ఇటువంటిదే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 నిబంధనలకు తూగని యంత్రాలు లక్షలాది ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో, పాఠశాలల్లో మిగిలిపోయాయి. వాటికి ఉచితంగా, చట్టబద్ధంగా లభించే ప్రధాన ప్రత్యామ్నాయం లినక్స్. అయితే లినక్స్‌ను అమర్చిన తరువాత తెర మసకగా ఉండటం, అక్షరాలు పెద్దవిగా కనిపించటం, వీడియో ఆగి ఆగి నడవటం, ఒక అప్‌డేట్ తరువాత తెర పూర్తిగా నల్లబడటం వంటి ఇబ్బందులు తలెత్తితే, కార్డు పాడైపోయిందన్న నిర్ణయానికి వచ్చేవారే ఎక్కువ. చాలా సందర్భాల్లో కార్డు నిక్షేపంగానే ఉంటుంది. దానికి తగిన డ్రైవర్ లేకపోవడమే అసలు కారణం.

మూలం ఎక్కడ?

డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, యంత్ర పరికరానికి నడుమ మధ్యవర్తిగా పనిచేసే సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో దీనికి రెండు భాగాలు ఉంటాయి. మొదటిది కెర్నెల్‌లో చేరే మాడ్యూల్. ఇది కార్డును మేల్కొలిపి, దాని మెమరీని నిర్వహించి, తెర కొలతను నిర్ణయిస్తుంది. రెండవది ప్రోగ్రాములు వాడుకునే లైబ్రరీ. బొమ్మలు గీయమన్న ఆదేశాలను ఇది కార్డుకు అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఈ రెండవ భాగాన్ని మేసా అనే ప్రాజెక్టు అందిస్తున్నది.

లినక్స్ కెర్నెల్ తన లోపలి అమరికను స్థిరంగా ఉంచుతానని ఎన్నడూ హామీ ఇవ్వలేదు. ప్రోగ్రాములతో మాట్లాడే బయటి ముఖం మారదు. డ్రైవర్లతో మాట్లాడే లోపలి ముఖం మాత్రం అవసరాన్ని బట్టి మారుతూనే ఉంటుంది. మూల కోడ్ కెర్నెల్‌లోనే ఉన్న డ్రైవర్లకు దీనివల్ల నష్టం లేదు. లోపలి అమరికను మార్చినవారే ఆ డ్రైవర్లను కూడా సరిచేస్తారు. తయారీ సంస్థ విడిగా ఇచ్చే మూసిన కోడ్ డ్రైవర్‌ను సరిచేయవలసిన బాధ్యత మాత్రం ఆ సంస్థదే. సంస్థ ఆ పని మానివేసిన నాటి నుంచి ఆ డ్రైవర్ పాత పట్టాలకు మాత్రమే సరిపోయే పెట్టెగా మిగిలిపోతుంది. ఎన్విడియా కార్డుల సమస్య అంతా ఇక్కడే ఉంది.

ఎన్విడియా లెగసీ శాఖలు

ఎన్విడియా తన లినక్స్ డ్రైవర్‌ను సంఖ్యల శాఖలుగా విడుదల చేస్తుంది. ఒక తరం కార్డులకు కొత్త శాఖలో చోటు లేకుండా పోయినప్పుడు, వాటిని చివరిసారి మోసిన శాఖను లెగసీ శాఖగా ప్రకటిస్తుంది. కొంతకాలం దానికి మరమ్మతులు అందుతాయి. ఆ తరువాత అవి కూడా నిలిచిపోతాయి. ఏ కార్డుకు ఏ శాఖ అన్నది ఈ విధంగా ఉంటుంది.

71.86 శాఖ: రివా టీఎన్‌టీ, టీఎన్‌టీ2, జీఫోర్స్ 256 వంటి తొలి తరం కార్డులు.

96.43 శాఖ: జీఫోర్స్2 ఎంఎక్స్ నుంచి జీఫోర్స్4 వరకు.

173.14 శాఖ: జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ కార్డులు. చివరి కూర్పు 173.14.39.

304 శాఖ: జీఫోర్స్ 6, 7 శ్రేణులు. చివరి కూర్పు 304.137. ఇది 2017లో విడుదలైంది.

340 శాఖ: టెస్లా నిర్మాణంపై ఆధారపడిన జీఫోర్స్ 8, 9, 100, 200, 300 శ్రేణులు. చివరి కూర్పు 340.108. ఇది 2019 డిసెంబర్ నాటిది.

390 శాఖ: ఫెర్మీ నిర్మాణం, అంటే ప్రధానంగా జీఫోర్స్ 400, 500 శ్రేణులు. చివరి కూర్పు 390.157. ఇది 2022 నవంబర్ నాటిది. 32 బిట్ లినక్స్‌కు డ్రైవర్ ఇచ్చిన చివరి శాఖ కూడా ఇదే.

470 శాఖ: కెప్లర్ నిర్మాణం, అంటే ప్రధానంగా జీఫోర్స్ 600, 700 శ్రేణులు. చివరి కూర్పు 470.256.02. 2024తో దీని మద్దతు ముగిసింది.

580 శాఖ: మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా నిర్మాణాలను మోసే చివరి శాఖ ఇదేనని సంస్థ 2025లో ప్రకటించింది. అందువల్ల నిన్నటి దాకా సాధారణ కార్డుగా చెలామణి అయిన జీఫోర్స్ జీటీఎక్స్ 1050, 1060 వంటివి కూడా ఇప్పుడు లెగసీ వరుసలో చేరాయి.

మొదటి మూడు శాఖలు నేటి ఏ లినక్స్‌లోనూ పనికిరావు. 304 శాఖ 2018లో వచ్చిన ఎక్స్‌ఆర్గ్ 1.20తోనే తెగిపోయింది. కాబట్టి ఆచరణలో ఎంచుకోదగినవి 340, 390, 470, 580 శాఖలు మాత్రమే.

పేరు చాలదు, సంఖ్య కావాలి

కార్డు పెట్టె మీద ఉన్న పేరును నమ్మి డ్రైవర్ ఎంచుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ఒకే పేరుతో భిన్న తరాల చిప్‌లు మార్కెట్లోకి వచ్చాయి. జీఫోర్స్ జీటీ 730 ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ పేరుతో అమ్ముడైన కార్డుల్లో కొన్నింటిలో ఫెర్మీ చిప్, మరికొన్నింటిలో కెప్లర్ చిప్ ఉన్నాయి. మొదటి దానికి 390 శాఖ, రెండవ దానికి 470 శాఖ కావాలి. అదేవిధంగా 600 శ్రేణికి చెందిన జీటీ 610 నిజానికి ఫెర్మీయే. 700 శ్రేణికి చెందిన జీటీఎక్స్ 750, 750 టీఐ కార్డులు మాక్స్‌వెల్‌కు చెందినవి కాబట్టి వాటికి 580 శాఖ పనిచేస్తుంది.

అసలు గుర్తింపు కార్డులో నిక్షిప్తమైన పీసీఐ సంఖ్యలో ఉంటుంది. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని రెండు 'ఎన్'లు, ఒక 'కె' గుర్తులతో ఇస్తే, ప్రతి పరికరం పేరుతో పాటు దాని సంఖ్యల జంట, ప్రస్తుతం దానిని నడుపుతున్న కెర్నెల్ డ్రైవర్ పేరు కనిపిస్తాయి. జంటలో మొదటిది తయారీదారును సూచిస్తుంది. 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ, 8086 అంటే ఇంటెల్. రెండవది చిప్‌ను సూచిస్తుంది. జీటీ 730 విషయంలో అక్కడ 0ఎఫ్02 ఉంటే ఫెర్మీ అని, 1287 ఉంటే కెప్లర్ అని తేలిపోతుంది. ప్రతి లెగసీ శాఖతోనూ అది మోసే చిప్‌ల సంఖ్యల పట్టికను ఎన్విడియా ప్రచురించింది. సరిచూసుకోవడానికి అదే ప్రమాణం.

ఈ పనిని సులభం చేసే ఉపకరణాలు కూడా ఉన్నాయి. డెబియన్‌లో ఎన్విడియా-డిటెక్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ కార్డును చూసి తగిన ప్యాకేజీ పేరు చెబుతుంది. ఉబుంటులో ఉబుంటు-డ్రైవర్స్ ఆదేశం, లినక్స్ మింట్‌లో డ్రైవర్ మేనేజర్ అదే పని చేస్తాయి.

ఏఎండీ, ఇంటెల్ కార్డుల సంగతి

ఏఎండీ కార్డులున్నవారికి ఈ చిక్కు చాలావరకు లేదు. ఆ సంస్థ ఒకప్పుడు క్యాటలిస్ట్ పేరుతో మూసిన కోడ్ డ్రైవర్‌ను ఇచ్చేది. రేడియాన్ హెచ్‌డీ 2000, 3000, 4000 శ్రేణులను 2012లోనే లెగసీకి నెట్టింది. 2015 చివర వచ్చిన 15.12 కూర్పుతో ఆ డ్రైవర్ శకమే ముగిసింది. నేడు క్యాటలిస్ట్ కోసం వెతకడం వృథా ప్రయాస. కెర్నెల్‌లో ఉన్న రేడియాన్ డ్రైవర్, మేసా లైబ్రరీ కలిసి ఆ కార్డులను ఏ అదనపు అమరికా లేకుండానే నడుపుతాయి.

ఒక తరానికి మాత్రం ఎంపిక ఉంది. సదరన్ ఐలాండ్స్, సీ ఐలాండ్స్ అని పిలిచే తొలి జీసీఎన్ తరాల కార్డులను పాత రేడియాన్ మాడ్యూల్‌తోనైనా, 2015లో కెర్నెల్ 4.2తో వచ్చిన ఏఎండీజీపీయూ మాడ్యూల్‌తోనైనా నడపవచ్చు. వల్కన్ ఆటలు, కొత్త వీడియో సదుపాయాలు కావాలంటే రెండవది మేలు. బూట్ సమయంలో ఇచ్చే ఎస్‌ఐ-సపోర్ట్, సీఐకే-సపోర్ట్ అనే పరామితులతో ఈ మార్పు చేయవచ్చు. రేడియాన్ వైపు సున్నా, ఏఎండీజీపీయూ వైపు ఒకటి అని పెట్టాలి. రెండు వైపులా పెట్టకపోతే మార్పు నెరవేరదు.

ఇంటెల్ మదర్‌బోర్డులలో కలిసివచ్చే గ్రాఫిక్స్‌కు విడి డ్రైవర్ అన్నదే లేదు. కెర్నెల్‌లోని ఐ915 మాడ్యూల్, మేసాలోని క్రోకస్ కలిసి 2006 నాటి చిప్‌సెట్ల నుంచి నాలుగవ తరం కోర్ ప్రాసెసర్ల వరకు మోస్తున్నాయి. దీనికి మినహాయింపు కొన్ని నెట్‌బుక్‌లలో వచ్చిన జీఎంఏ 500. అది ఇంటెల్ సొంత చిప్ కాదు, పవర్‌వీఆర్ ఆధారంగా తయారైంది. దానికి కెర్నెల్ తెరను మాత్రమే ఇస్తుంది, త్రీడీ వేగాన్ని ఇవ్వదు.

స్వేచ్ఛా డ్రైవర్లు కూడా శాశ్వతం కావన్నది గుర్తుంచుకోవలసిన విషయం. 2022లో వచ్చిన మేసా 22.0 నుంచి తొలి రేడియాన్, రేడియాన్ 8500 తరాల డ్రైవర్లను, ఎన్విడియా తొలి తరాల డ్రైవర్‌ను తొలగించారు. వాటిని ఆంబర్ అనే ప్రత్యేక శాఖలో భద్రపరిచారు. 2023లో విడుదలైన కెర్నెల్ 6.3 నుంచి సిస్, వయా, శావేజ్ వంటి అతి పాత చిప్‌ల త్రీడీ డ్రైవర్లను తీసివేశారు. అయితే ఇక్కడ ఒక భేదం ఉంది. తొలగించిన మూల కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంటుంది. కోరుకున్నవారు దానిని తిరిగి నిర్మించుకోవచ్చు. మూసిన కోడ్ విషయంలో ఆ అవకాశం ఉండదు.

నూవో చాలదా?

ఎన్విడియా కార్డు ఉన్న యంత్రంలో లినక్స్‌ను అమర్చగానే సాధారణంగా నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్ పనిచేయటం మొదలుపెడుతుంది. సంస్థ సహకారం లేకుండా, కార్డుల ప్రవర్తనను గమనించి స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించిన డ్రైవర్ ఇది. 2010 ఆరంభంలో కెర్నెల్ 2.6.33తో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. లెగసీ డ్రైవర్ కోసం వెతకటానికి ముందు నూవోతో కొన్ని రోజులు పనిచేసి చూడటం వివేకం.

నూవో బలం దాని స్థానంలో ఉంది. అది కెర్నెల్‌తో పాటే వస్తుంది, కెర్నెల్‌తో పాటే మారుతుంది. కొత్త వేలాండ్ తెర వ్యవస్థతో కలిసి నడుస్తుంది. దాని బలహీనత వేగం. గ్రాఫిక్స్ కార్డు మొదట తక్కువ గడియార వేగంతో మేల్కొంటుంది, పని భారాన్ని బట్టి ఆ వేగాన్ని పెంచటం డ్రైవర్ బాధ్యత. కెప్లర్ తరానికి, టెస్లాలోని కొన్ని కార్డులకు నూవోలో ఈ వేగాన్ని చేతితో పెంచుకోవచ్చు. ఫెర్మీకి ఆ పని పూర్తి కాలేదు. రెండవ దశ మాక్స్‌వెల్ నుంచి, పాస్కల్‌తో సహా, ఎన్విడియా సంతకం చేసిన ఫర్మ్‌వేర్ లేనిదే వేగం మార్చటం సాధ్యం కాదు. అందువల్ల పాస్కల్ కార్డుకు, 580 శాఖకు, నూవోకు మధ్య వేగంలో తేడా చాలా పెద్దది.

కాబట్టి నిర్ణయం పని స్వభావాన్ని బట్టి ఉండాలి. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, పరీక్షల దరఖాస్తులు, బ్యాంకు పనులు, చదువు మాత్రమే అయితే నూవో సరిపోతుంది. త్రీడీ నమూనాలు, ఆటలు, వీడియో కూర్పు, కార్డు మీద గణన అవసరమైతే, లేదా నూవోతో తెర తరచుగా స్తంభించిపోతుంటే, లెగసీ డ్రైవర్‌ను ఆశ్రయించవలసి వస్తుంది.

మారటానికి ముందు సరిచూడవలసినవి

లెగసీ డ్రైవర్‌ను ఎంచుకోవటం అంటే ఒక కాలాన్ని ఎంచుకోవటమే. మూడు విషయాలు ఆ కాలానికి తగినట్లు ఉండాలి.

మొదటిది కెర్నెల్. 340.108 కూర్పు కెర్నెల్ 5.4 వరకే నేరుగా సరిపోతుంది. ఆపై కెర్నెళ్లకు ఔత్సాహికులు తయారుచేసిన అతుకులు కావాలి. 390, 470 శాఖలకు కూడా తమ చివరి కూర్పుల తరువాత వచ్చిన కెర్నెళ్లతో ఇదే స్థితి. ఆ అతుకులను డిస్ట్రో నిర్వాహకులు కలిపి ఇస్తే తప్ప సామాన్య వినియోగదారు వాటిని నమ్ముకోరాదు.

రెండవది తెర వ్యవస్థ. ఎన్విడియా డ్రైవర్‌లో నేటి వేలాండ్‌కు అవసరమైన జీబీఎం సదుపాయం 2021లో వచ్చిన 495 శాఖతో మొదలైంది. 340, 390, 470 శాఖలకు అది లేదు. కాబట్టి లాగిన్ తెరలో ఎక్స్11 సెషన్ ఎంచుకోవటం తప్పనిసరి. గ్నోమ్ డెస్క్‌టాప్ ఎక్స్11ను క్రమంగా వదిలిపెడుతున్నది. ఉబుంటు 25.10లో గ్నోమ్ ఎక్స్11 సెషన్ లేదు. పాత కార్డులకు ఎక్స్‌ఎఫ్‌సీఈ, మేట్ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌లు అనుకూలం. అవి మెమరీని కూడా ఆదా చేస్తాయి.

మూడవది డిస్ట్రో కూర్పు. ఉబుంటు 20.04లో 340 శాఖ ఉండేది, ఆ కూర్పు సాధారణ మద్దతు 2025లో ముగిసింది. 22.04లో 390 శాఖ ఉంది, 24.04లో లేదు. 470 శాఖ రెండింటిలోనూ ఉంది. ఫెడోరా వాడేవారికి ఆర్‌పీఎం ఫ్యూజన్ భాండాగారంలో 340, 390, 470 శాఖలకు వేర్వేరు ప్యాకేజీలు ఉన్నాయి. ఆర్చ్‌లో ఇవి వినియోగదారుల భాండాగారంలో లభిస్తాయి, అధికారిక భాండాగారంలో కావు. ఫెర్మీ కార్డున్న యంత్రంలో ఉన్నపళంగా కొత్త కూర్పుకు మారితే డ్రైవర్ మాయమవుతుందన్న సంగతి ముందే తెలిసి ఉండాలి.

మార్చే క్రమం

ముందుగా ముఖ్యమైన ఫైళ్ల నకలును పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టాలి. లినక్స్ అమరికకు వాడిన పెన్‌డ్రైవ్‌ను కూడా చేతికి అందేలా ఉంచుకోవాలి. తరువాత ఈ వరుసలో సాగాలి.

1. ప్రస్తుత స్థితిని రాసుకోవడం. కెర్నెల్ కూర్పు, కార్డు సంఖ్య, నడుస్తున్న డ్రైవర్ పేరు ఒక కాగితం మీద రాసుకోవాలి. తెర నల్లబడినప్పుడు ఆ కాగితమే దారి చూపుతుంది.

2. పాత అవశేషాలను తొలగించడం. ఇంతకు ముందు ప్రయత్నించిన వేరొక ఎన్విడియా శాఖ ఉంటే దానిని ప్యాకేజీ నిర్వాహకం ద్వారా అమరిక ఫైళ్లతో సహా తీసివేయాలి. రెండు శాఖల లైబ్రరీలు కలిస్తే ఏదీ పనిచేయదు.

3. కెర్నెల్ హెడర్లు అమర్చడం. లెగసీ మాడ్యూల్ ఆ యంత్రంలోనే, ఆ కెర్నెల్‌కు తగినట్లుగా నిర్మితమవుతుంది. ఆ పనిని డీకేఎంఎస్ అనే ఏర్పాటు చూసుకుంటుంది. కెర్నెల్ మారిన ప్రతిసారీ అది మాడ్యూల్‌ను తిరిగి నిర్మిస్తుంది. హెడర్లు లేకపోతే నిర్మాణం విఫలమవుతుంది. ఎక్కువమంది విఫలమయ్యేది ఈ మెట్టు దగ్గరే.

4. డిస్ట్రో ఇచ్చే లెగసీ ప్యాకేజీని అమర్చడం. ఎన్విడియా వెబ్‌సైట్ నుంచి నేరుగా దించుకునే అమరిక ఫైలును చివరి మార్గంగానే చూడాలి. అది ప్యాకేజీ నిర్వాహకానికి తెలియకుండా లైబ్రరీలను మార్చివేస్తుంది. తరువాతి అప్‌డేట్‌లో రెండింటికీ ఘర్షణ వస్తుంది.

5. నూవోను పక్కన పెట్టడం. ఒకే కార్డును ఇద్దరు డ్రైవర్లు పట్టుకోలేరు. లెగసీ ప్యాకేజీ సాధారణంగా నూవోను నిషేధ జాబితాలో తానే చేరుస్తుంది. చేర్చకపోతే మాడ్యూళ్ల అమరిక సంచయంలో ఒక వాక్యంతో ఆ పని చేసి, బూట్ తొలి దశలో వాడే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారుచేయాలి.

6. సెక్యూర్ బూట్‌ను గమనించడం. అది అమలులో ఉన్న యంత్రాల్లో సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ స్వీకరించదు. అమరిక సమయంలో అడిగే సంకేతపదాన్ని గుర్తుంచుకుని, పునఃప్రారంభంలో వచ్చే నీలి తెరలో దానిని నమోదు చేయాలి. పాత బయాస్ యంత్రాల్లో ఈ మెట్టు ఉండదు.

7. పునఃప్రారంభించి నిర్ధారించుకోవడం. ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం మళ్లీ ఇచ్చి, నడుస్తున్న డ్రైవర్‌గా ఎన్విడియా పేరు కనిపిస్తున్నదో లేదో చూడాలి. జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో ఇచ్చే సమాచారంలో రెండరర్ అన్న వరుసలో కార్డు పేరు ఉండాలి. అక్కడ ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే, కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసరే బొమ్మలన్నీ గీస్తున్నదని అర్థం.

తెర నల్లబడితే

తెర నల్లబడటం అంటే యంత్రం చెడిపోవటం కాదు. ముందుగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కాలి. అక్షరాల తెర వస్తే అక్కడి నుంచి లాగిన్ అయి, అమర్చిన ప్యాకేజీని తొలగించి, నూవోను నిషేధ జాబితా నుంచి విడిపించి పునఃప్రారంభించవచ్చు.

అదీ రాకపోతే, యంత్రం మొదలయ్యేటప్పుడు గ్రబ్ జాబితాను తెరిచి, 'ఈ' మీట నొక్కి, లినక్స్ అన్న మాటతో మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి బూట్ చేయాలి. అప్పుడు కెర్నెల్ కార్డు ప్రత్యేక సదుపాయాల జోలికి పోకుండా సాదా తెరతో లేస్తుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. దానిని శాశ్వతంగా ఉంచుకుని, అదే పరిష్కారమని భావించటం పొరపాటు. నోమోడ్‌సెట్ ఉన్నంతకాలం నూవో గానీ, రేడియాన్ గానీ, ఇంటెల్ డ్రైవర్ గానీ పనిచేయవు.

కెర్నెల్ అప్‌డేట్ తరువాతే చెడితే, గ్రబ్‌లోని అదనపు ఎంపికల నుంచి పాత కెర్నెల్‌ను ఎంచుకోవటం తక్షణ ఉపశమనం. అది పనిచేస్తే దోషం కొత్త కెర్నెల్‌కు మాడ్యూల్ నిర్మితం కాకపోవటంలో ఉన్నదని తేలుతుంది. డీకేఎంఎస్ స్థితి ఆదేశంతో దానిని ధ్రువీకరించుకోవచ్చు.

తెలుగు లిపి, వీడియో

డ్రైవర్ సరిగా లేకపోతే తెలుగు అక్షరాలు చెదిరిపోతాయన్న అపోహ ఉంది. ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌ది. అక్షర రూపాన్ని గీసేది ఫ్రీటైప్. ఈ రెండూ ప్రాసెసర్ మీదే నడుస్తాయి. ఒత్తులు విడిపోయి కనిపిస్తే లోపం ఫాంటులో ఉంటుంది. లోహిత్ తెలుగు, నోటో, పోతన-2000, వేమన-2000 వంటి ఫాంట్లు లినక్స్ డిస్ట్రోలలో ఉచితంగా లభిస్తాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాష హోదా కల్పించటానికి ఖరగ్‌పూర్ పరిసరాల తెలుగు జనాభాయే ప్రధాన నేపథ్యం. అటువంటి చోట ఇంట్లో తెలుగు చదువుకోవటానికి, రాసుకోవటానికి ఒక పాత యంత్రం చాలు. అందుకు లెగసీ డ్రైవర్ అవసరం కూడా లేదు.

వీడియో సంగతి వేరు. పాత కార్డులు హెచ్.264 రూపంలోని వీడియోను తామే విప్పగలవు. నేటి వీడియో సైట్లు ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 రూపాలు వాటికి తెలియవు. కాబట్టి సరైన లెగసీ డ్రైవర్ ఉన్నప్పటికీ ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌కు హెచ్.264నే కోరే పొడిగింపు చేర్చటం, వీడియోను 480 లేదా 720 స్థాయిలో చూడటం డ్రైవర్ మార్పు కంటే ఎక్కువ ఫలితమిస్తాయి.

భద్రత మాటేమిటి?

లెగసీ డ్రైవర్‌కు చెల్లించవలసిన అసలు మూల్యం ఇక్కడ ఉంది. గ్రాఫిక్స్ మాడ్యూల్ కెర్నెల్‌లో, అంటే యంత్రంపై పూర్తి అధికారం ఉన్న చోట నడుస్తుంది. మద్దతు ముగిసిన శాఖలో కొత్తగా లోపం బయటపడితే దానిని పూడ్చేవారు ఉండరు. మూల కోడ్ మూసి ఉన్నందున ఇతరులు పూడ్చలేరు. పైగా ఆ డ్రైవర్ కోసం పాత కెర్నెల్‌నే పట్టుకుని వేలాడితే కెర్నెల్ లోపాలు కూడా తోడవుతాయి. 340 శాఖ నేరుగా సరిపోయే కెర్నెల్ 5.4కు దీర్ఘకాలిక మద్దతు 2025 డిసెంబర్‌తో ముగిసింది.

అందువల్ల ఒక సాధారణ నియమం చెప్పుకోవచ్చు. డబ్బు లావాదేవీలు, ఆధార్, పింఛను, పరీక్షల దరఖాస్తుల వంటి పనులు జరిగే యంత్రంలో మద్దతు ఉన్న కెర్నెల్, నూవో ఉండటం మేలు. బొమ్మ కొంత నెమ్మదించినా తాళం భద్రంగా ఉంటుంది. లెగసీ డ్రైవర్‌ను ఆటలకు, గ్రాఫిక్స్ సాధనకు కేటాయించిన యంత్రానికి, వీలైతే ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచిన యంత్రానికి పరిమితం చేయాలి. ఒకే యంత్రంలో రెండూ కావాలంటే రెండు లినక్స్‌లను వేర్వేరు విభాగాల్లో అమర్చుకోవచ్చు.

ఎప్పుడు ఆగాలి

మదర్‌బోర్డులోనే ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నపుడు, 340 శాఖ నాటి ఎన్విడియా కార్డును తీసివేసి మానిటర్ తీగను బోర్డుకు కలపటమే సులువైన పరిష్కారం కావచ్చు. విద్యుత్తు కూడా ఆదా అవుతుంది. విడి కార్డు తప్పనిసరి అయితే, సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు కెర్నెల్‌లోనే స్వేచ్ఛా డ్రైవర్ ఉన్న రేడియాన్ కార్డును కోరుకోవటం దీర్ఘకాలంలో లాభదాయకం. ఎన్విడియా కూడా 2022 మే నుంచి తన కెర్నెల్ మాడ్యూళ్ల మూల కోడ్‌ను విడుదల చేస్తున్నది. అది ట్యూరింగ్, ఆపై తరాలకే వర్తిస్తుంది. వెనుకటి తరాలకు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇక పనికిరాదని తేలిన కార్డును చెత్తబుట్టలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, ఇటువంటి పరికరాలు నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేరాలి. వాటిలోని సీసం, ఇతర లోహాలు నేలలో కలిస్తే నష్టం ఒక ఇంటితో ఆగదు.

అయితే ఆ దశకు రాకముందే, సంఖ్యను చూసి, శాఖను సరిపోల్చి, కెర్నెల్‌ను ఎంచుకుంటే, చాలా యంత్రాలు మరికొన్నేళ్లు పనిచేస్తాయి. గేజ్ మారిన ప్రతిచోటా పాత పెట్టెలన్నింటినీ తుక్కు చేయలేదు. నడవదగిన పట్టాలున్న చోటికి కొన్నింటిని తరలించారు, కొన్నింటికి చక్రాలు మార్చారు. పాత గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారి ముందున్న మార్గాలు కూడా అవే. ఏ మార్గమైనా, మొదటి మెట్టు ఆ కార్డు సంఖ్యను తెలుసుకోవడమే.